ఇంగ్లండు కొండసీమలలో సైకిలు యాత్రామార్గములు

మదనపల్లెకు సమీపమున ఉన్న హార్స్‌లీ కొండ, పూర్వము కడప జిల్లాకు కలెక్టరుగా ఉండి ఆ చల్లని శిఖరమున వేసవి విడిది కట్టుకొనిన ఒక దొర పేరుతో నేటికిని పిలువబడుచున్నది. దాని ఎత్తు నాలుగువేల అడుగులకు పైమాట. ఆ దొరగారి స్వదేశమైన ఇంగ్లండులో సర్వోన్నతమని ఎన్నబడు స్కాఫెల్ పైక్ శిఖరము ఎత్తు 978 మీటర్లు, అనగా 3,200 అడుగులకు ఇంచుక మించినది మాత్రమే. కావున ఇంగ్లండు కొండలలో సైకిలుయాత్ర చేయుట గొప్ప సాహసమని ఎవరైన చెప్పినచో, తిరుమల ఘాట్‌రోడ్డు మలుపులను లెక్కపెట్టుచు పెరిగిన మన పాఠకుడు చిరునవ్వు నవ్వినను అతనిని తప్పుపట్టుటకు వీలులేదు. కాని ఆ నవ్వు యార్కుషైరు బీడుకొండలలోని రోస్‌డేల్ గ్రామమున, చిమ్నీ బ్యాంక్ అను దారి మొదట నిలుచునంతవరకే. మూడడుగులు ముందునకు సాగునప్పటికి ఒక అడుగు పైకెక్కవలసిన ఆ వాలును చూచిన పిదప, సామాను కట్టిన సైకిలుతో వచ్చినవాడు చేయు మొదటి పని దిగి నిలుచుండుట.

ఎత్తునకును ఏటవాలునకును గల భేదమును గుర్తింపనివాడు ఈ దేశపు దారులను అర్థము చేసికొనజాలడు. మన ఘాట్‌రోడ్లు ఇంజనీర్ల సృష్టి. చక్రముల బండి సరకుతో ఎక్కగలుగునట్లు కొండను చుట్టి చుట్టి, వాలును మైళ్లకొలది పంచి వారు దారిని మలచిరి. ఆల్ప్స్ పర్వతముల కనుమదారులలో పేరెన్నికగన్నవియు అట్టివే. వానిపై గంటల తరబడి ఎక్కుచున్నను వాలు నూటికి ఏడెనిమిది పాళ్ల చెంతనే ఉండును. ఇంగ్లండులోని పల్లెదారులలో పెక్కింటిని ఏ ఇంజనీరును గీయలేదు. గొఱ్ఱెలను తోలుకొనిపోవు కాపరులును, ఉన్నిమూటలను ఉప్పుబస్తాలను పెరికెలుగా మోయు గుఱ్ఱములును, ఆదివారము చర్చికి పోవు రైతులును దగ్గరిదారి వెదకికొని కొండకు అడ్డముగా నడిచిరి. ఆ అడుగుజాడల మీదనే తరువాతి కాలమున తారు పోయబడెను. నడిచెడి మనుష్యునకు నాలుగింట ఒకటి వాలు ఆయాసమే గాని ఆటంకము కాదు. చక్రమునకు అది ఆటంకము. అందువలన అచటి దారి వేయి అడుగులైన లేని గుట్టను ఒక్క మైలులో ఎక్కించి, మరొక మైలులో దించి, అడుగున ఉన్న వాగు దాటించి, ఊపిరి తీసికొననీయకయే మరల ఎక్కించును. సాయంకాలమునకు లెక్క చూచుకొనినచో యాత్రికుడు పేరుగల పర్వతము నొక్కదానినైన ఎక్కకయే ఒక పర్వతమంత ఎక్కియుండును.

ఈ కొండసీమలలో యాత్రకు ఉత్తమమైన మార్గమేది అను ప్రశ్నకు నూటనలువది ఏండ్లకు పైగా సమాధానములు వెలువడుచునే యున్నవి. కొందరు కనుమల ఎత్తును బట్టి, కొందరు దృశ్యముల సొంపును బట్టి, ఇటీవలివారు దినమునకెన్ని మీటర్లు ఎక్కితిమను యంత్రపు లెక్కను బట్టి తీర్పు చెప్పుచున్నారు. నాకు తోచినంతవరకు ఏ మార్గమును గూర్చియైన మొదట అడుగవలసిన ప్రశ్న వేరు: ఈ దారిని మొదట ఎవరు వేసిరి, ఏ బరువు మోయుటకు వేసిరి? రోమను సైనికుని కాలు వేసినదా, పెరికెగుఱ్ఱపు గిట్ట వేసినదా, గేట్లు పెట్టి సుంకము వసూలు చేసికొనిన ట్రస్టు వేసినదా, రైలుబండి వేసినదా? దీనికి సమాధానము తెలిసినచో ఆ దారి ఎట్లు ఎక్కునో, ఎట్లు తిరుగునో, ప్రయాణికుని ఆదరించునో అలమటపెట్టునో ముందుగనే చెప్పవచ్చును. ఈ సమీక్షయందు నేను పట్టుకొనిన కొలబద్ద అదియే.

1878లో హారొగేట్ పట్టణమున సైకిలు యాత్రికుల సంఘము ఏర్పడునప్పటికి వాహనము ఇంకను ముందు పెద్దచక్రము, వెనుక చిన్నచక్రము గలదియే. అంత ఎత్తున కూర్చుండి కొండ దిగుట ప్రాణముతో చెలగాటము. గులకరాయి యొకటి అడ్డుపడినను తల ముందుగా నేలను తాకును. కాబట్టియే ప్రమాదకరమైన వాలుల కొనలందు హెచ్చరిక పలకలు పాతించుట ఆ తొలి సంఘములవారు లోకమునకు చేసిన ఉపకారములలో ఒకటియయ్యెను. 1885లో స్టార్లీ, ఇంచుమించు సమానమైన రెండు చక్రములు గల రోవర్ సైకిలును వెలువరించెను. 1888లో డన్‌లప్ గాలి టైరును వాడుకలోనికి తెచ్చెను. వీని ఫలముగా పండ్రెండు సంవత్సరములు గడవకమునుపే కొండదారులు సామాన్యులకు తెరువబడెను. 1899లో ఆ సంఘసభ్యుల సంఖ్య 60,449. తరువాత మోటారుకారు వచ్చి ఆ సంఖ్యను పలుచబరచెను గాని సంఘము నశింపలేదు. 2016 నుండి సైక్లింగ్ యు.కె. అను పేరుతో పనిచేయుచున్నది.

కొండదారుల యాత్రికునకు పటమే పంచాంగము. బార్తలోమ్యూ కంపెనీవారు మైలును అరయంగుళముగా చూపి, పల్లమునకు పచ్చరంగును మెరకకు గోధుమరంగును అంచెలంచెలుగా పూసి అచ్చొత్తిన పటములు చిరకాలము సైకిలువారి జేబులలో నలిగినవి; వానిని సరిదిద్దుటలో యాత్రికసంఘ సభ్యులే తోడ్పడుచుండిరి. ఇంగ్లిస్ అను నతడు ఒక్కొక్క రోడ్డును నిలువుకోత కోసినట్లు, దాని ఎత్తుపల్లములను గీతలుగా చూపి గ్రంథములు ప్రకటించెను. ప్రభుత్వపు ఆర్డ్‌నెన్సు సర్వే పటములలో నేటికిని రోడ్డుపై ఒక బాణపుమొన ఉన్నచో ఏడింట ఒకటి మొదలు ఐదింట ఒకటి వరకు వాలు అనియు, రెండు మొనలున్నచో అంతకు మించినదనియు అర్థము. మొన చూపునది దిగుడు దిక్కు. ఈ సంకేతమును చదువనేర్చినవానికి దారిచూపు చేతియంత్రపు మాటలతో పనిలేదు. చేతియంత్రము దగ్గరిదారి అని నమ్మబలికి రెండుమొనల వాలు మీదికి తోలిన ఉదంతములు వినని యాత్రికుడుండడు. పటముతోపాటు బొమ్మయు ఈ యాత్రలను పెంచినది. సైకిలు పత్రికలకు వేలకొలది నల్లసిరా చిత్రములు గీసిన ఫ్రాంక్ పాటర్సన్, పాత వంతెనలు, పూటకూళ్ల యిండ్లు, మలుపు తిరిగి మాయమగు డొంకదారులు గీసి గీసి, ఇంగ్లీషు పల్లెసీమ అనగా ఇట్లుండునను ఒక ఊహను రెండు తరముల మనస్సులలో నాటెను. చిత్రమేమనగా ఆయన తన జీవితోత్తరార్ధమున సైకిలెక్కుట మానుకొని, ససెక్సులోని పాత యింట కూర్చుండి అధికభాగము ఛాయాచిత్రములను చూచియే గీసినాడట.

లండను చెంతనున్న సర్రీ గుట్టలు ఈ చరిత్రకు బాలశిక్ష వంటివి. లీత్ హిల్ 294 మీటర్లు మాత్రమే. అయినను నగరమునుండి వెలువడిన గుమాస్తాకు అదియే హిమాలయము. రిప్లీ గ్రామమునకు పోవు రోడ్డు 1880, 90 దశకములలో ఆదివారములందు సైకిళ్లతో నిండిపోవుచుండెడిది. ఎచ్.జి. వెల్స్ 1896లో రచించిన సైకిలు నవలలో బట్టలకొట్టు గుమాస్తా యొకడు ఈ సీమలగుండానే తన సెలవుదినముల యాత్ర సాగించును. ఇచటనే, ఆక్‌హామ్ గ్రామపు హోటలులో, 1898లో లేడీ హార్బర్టన్ అను స్త్రీ, సైకిలు తొక్కుటకు అనువైన సల్లాడపు దుస్తులు ధరించి వచ్చినదను కారణముచే భోజనశాల ప్రవేశము పొందలేకపోయెను; యాత్రికసంఘము ఆమె పక్షమున వ్యాజ్యము నడిపి ఓడిపోయినది. బాక్స్ హిల్ చుట్టును 2012 ఒలింపిక్ పందెములో పురుషులు తొమ్మిది చుట్లు తిరిగిరి. ఆ కీర్తి కారణముగా నేడు వారాంతములలో ఆ గుట్టపై సందడి తిరునాళ్లను తలపించును. యాత్ర అనుటకు అచట తావులేదు; వ్యాయామము అనవచ్చును.

రోమనుల దారి ఎట్లుండునో చూడగోరువారు సరస్సుల సీమకు పోవలెను. రావెన్‌గ్లాస్ రేవునుండి ఆంబుల్‌సైడునకు రోమనులు వేసిన బాటజాడలో, కొన్నిచోట్ల దానిని విడిచి, నేటి హార్డ్‌నాట్ కనుమరోడ్డు సాగుచున్నది. ఎత్తు 393 మీటర్లే. వాలు మూడింట ఒకటి. హేడ్రియను చక్రవర్తి కాలమున కట్టిన కోట యొక్క రాతిగోడలు కనుమ పడమటివాలున నిలిచియున్నవి. ఎండవేడిమికి అలవాటుపడిన సైనికులను ఈ గాలివానలలో కాపలా పెట్టిన సేనానిని తలచుకొని పెడలు త్రొక్కువాడు కొంత ఊరట పొందవచ్చును. ఈ కనుమ దిగగానే రైనోస్ కనుమ ఎదురగును. 112 మైళ్ల ఫ్రెడ్ విట్టన్ ఛాలెంజ్ అను వార్షికయాత్రలో, కాళ్ల సత్తువ ఉడిగిన చివరిభాగమున ఈ రెండు కనుమలు పెట్టబడుటచేత దానికి అంత పేరు వచ్చెను. పందెగాండ్రకు ఇది తగినదే. యాత్రికునకు మాత్రము ఇచటి కనుమలు ఎక్కుటకంటె దిగుటయే కష్టము: తడిసిన ఇరుకురోడ్డు, ఎదురుగా వచ్చు కారు, బిగబట్టి బిగబట్టి తిమ్మిరెక్కిన వేళ్లు, మలుపునకావల దారికడ్డముగా పండుకొనిన గొఱ్ఱె. సరస్సుల సీమ అందమును గూర్చి కవులు చెప్పినదంతయు నిజమే. ఆ అందము లోయదారులలో తొక్కువానికే దక్కును, కనుమలలో తొక్కువానికి ముందుచక్రము తప్ప కనిపించునది తక్కువ.

ఇక ఇంగ్లండు కొండమార్గములన్నింట ప్రసిద్ధమైనది సముద్రమునుండి సముద్రమునకు పోవు మార్గము. 1994లో ఆరంభమైన ఈ మార్గము పడమట వైట్‌హేవెన్ లేక వర్కింగ్‌టన్ రేవున మొదలిడి, తూర్పున సండర్లాండు లేక టైన్‌మౌత్ చేరును. పొడవు సుమారు 140 మైళ్లు. యాత్రికులు వెనుకచక్రమును ఐరిషు సముద్రమున తడిపి బయలుదేరి, ముందుచక్రమును ఉత్తర సముద్రమున తడిపి యాత్ర ముగింతురు. కాశీ గంగను రామేశ్వరమునకు మోసికొనిపోవు మనవారికి ఈ ఆచారము వింతగా తోపదు. పడమటినుండి తూర్పునకే పోవలెనని పెద్దలు చెప్పుటకు కారణము గాలి. ఆ ద్వీపమున గాలి ఎక్కువ దినములు నైరృతి దిక్కునుండి వీచును గనుక వెన్నుతట్టుచుండును.

ఈ మార్గమును నేను ప్రశంసించుట దాని దృశ్యములకొరకు మాత్రమే కాదు. పైని చెప్పిన దారులజాతులన్నియు ఒక్కచోట కనిపించుట చేతను. వైట్‌హేవెన్ విడిచిన వెంటనే కాలి క్రింద ఉండునది ఇనుపఖనిజము మోసిన రైలుకట్ట. కావున మొదటి మైళ్లు సముద్రమట్టమునుండి ఎక్కుచున్నట్లే తెలియకుండ ఎక్కించును. పిదప విన్‌లేటర్ కనుమ అడవులగుండ పోయి కెస్విక్ పట్టణమున దించును. అచటినుండి త్రెల్‌కెల్డునకు పోవునది మరొక పాత రైలుమార్గము. 2015 డిసెంబరు తుపానుకు దాని వంతెనలు కొట్టుకొనిపోగా, అయిదేండ్లకు, 2020 డిసెంబరులో, మరల తెరువబడెను. పెన్‌రిత్ దాటి ఈడెన్ నది లోయలో దిగిన పిమ్మట తూర్పున గోడవలె అడ్డముగా కనిపించునది పెనైన్ పర్వతశ్రేణి. దానిని ఎక్కించు హార్ట్‌సైడ్ రోడ్డు 580 మీటర్ల ఎత్తునకు చేరును. అయినను సామానుతో వచ్చినవాడు నిదానముగా, దిగకుండ, ఎక్కగలుగునట్టి రోడ్డది. ఎందుకనగా దానిని గుఱ్ఱపు గిట్టలు వేయలేదు. సీసపు గనులు గల ఆల్‌స్టన్ సీమనుండి సరకు బండ్లు పోవుటకై 1820 ప్రాంతముల సుంకపుట్రస్టువారు మెకాడం చేత దానిని సర్వే చేయించిరి. మన రోడ్లు భవనముల శాఖవారి నోట నేటికిని నానుచున్న మెకాడం ఆయనయే. వాలును ఎట్లు పంచవలెనో ఎరిగిన వాని చేతిపని హార్ట్‌సైడ్ మలుపులలో తెలియుచున్నది. రెండువందల ఏండ్ల క్రిందట ఎద్దులకును గుఱ్ఱములకును చేసిన ఉపకారము నేడు సైకిలుకు అక్కరకు వచ్చినది.

అయితే ఈ మెట్టమీద గాలికి వెరవక తప్పదు. క్రాస్ ఫెల్ కొండనుండి పడమటి లోయలోనికి విరుచుకుపడు ఈశాన్యపు గాలికి హెల్మ్ అని పేరు. బ్రిటనులో సొంతపేరు గల గాలి అదియొక్కటే. అది వీచు దినమున నైరృతి గాలిని నమ్ముకొని తూర్పునకు బయలుదేరిన లెక్కయంతయు తలక్రిందులగును. హార్ట్‌సైడ్ దాటినంతమాత్రాన పని ముగియదు. నెంట్‌హెడ్ గ్రామము దాటిన పిదప ఉన్న బ్లాక్ హిల్ 609 మీటర్లు. జాతీయ సైకిలు మార్గములన్నింట ఇదియే మిక్కిలి ఎత్తైన స్థలము. ఇచటి నిటారు దారులు గనిపనివారి దారులు, వాలును పంచుట ఎరుగనివి. స్టాన్‌హోప్ దగ్గర క్రాలీసైడ్ మిట్టను ఎక్కినవారు దానిని అంత శీఘ్రముగా మరువరు. ఆపైన 1830 దశకమున సున్నపురాతికొరకు వేసిన రైలుకట్ట దొరకును. అచటినుండి కాన్సెట్ మీదుగా సముద్రము వరకు చాల దూరము దిగుడే. కాన్సెట్ ఉక్కు కర్మాగారము 1980లో మూతపడినది. దాని జ్ఞాపకముగా టోనీ క్రాగ్ అను శిల్పి సర్వేపనిముట్లను రాక్షసపరిమాణమున చేసి దారిప్రక్కన నిలిపినాడు. గనులు, రైలు, కర్మాగారము అన్నియు పోయి, అవి వేసిన దారి మాత్రము మిగిలినది.

పాతరైలు మార్గముల సంగతి వచ్చినది గనుక పీక్ సీమను గూర్చి చెప్పవలెను. ఆవిరియంత్రము పట్టాలపై నిటారు వాలు ఎక్కజాలదు. కావున రైలు ఇంజనీర్లు కొండను తొలిచి, లోయను వంతెనలతో దాటి, దారిని సమము చేసిరి. రైలుమార్గముల కుదింపును సూచించిన 1963 నాటి బీచింగ్ నివేదిక పర్యవసానముగా వేల మైళ్ల మార్గము మూతపడెను. ఆ నష్టమునుండి సైకిలుకు లాభము పుట్టెను. ఆష్‌బోర్న్ నుండి పార్స్‌లీ హే వరకు 13 మైళ్ల టిస్సింగ్‌టన్ బాట 1971లో ప్రజలకు తెరువబడినది. దానితో కలియు హై పీక్ బాట, రైలుయుగపు శైశవమున 1831 నాటికి పూర్తియైన మార్గము. అప్పటివారికి రైలు ఏమి ఎక్కునో ఏమి ఎక్కదో ఇంకను నిశ్చయము లేకపోవుటచే, వాలుల కొనను ఆవిరియంత్రములు స్థాపించి పెట్టెలను గొలుసులతో పైకి లాగిరి. కావున ఈ బాటపై చాల దూరము బల్లపరుపుగా పోవుచుండి, ఒక్కసారి నేల క్రిందికి జారిపోయినట్లు వాలు ఎదురగును. మాన్సల్ బాట 8 మైళ్లకు కొంచెము ఎక్కువ. దాని సొరంగములు 2011లో దీపములతో మరల తెరువబడినవి. మాన్సల్ లోయలో రైలువంతెన కట్టినప్పుడు ప్రకృతిని చెరిచిరని రచయిత జాన్ రస్కిన్ నిప్పులు కురిపించెను. నేడు ఆ వంతెనను చూచుటకే జనులు వచ్చుచున్నారు. దానిని పడగొట్టుదుమన్నచో రస్కిన్ అనుయాయులే ఉద్యమము చేయుదురేమో! పిల్లలు, వృద్ధులు, సైకిలు కొత్తగా నేర్చినవారు కొండసీమను చూడగోరినచో ఇంతకంటె తగిన తావు లేదు. కాని లోపమొకటి చెప్పవలెను. రైలుకోత గుండ పోవునప్పుడు ఇరుప్రక్కల గట్లు తప్ప మరేమియు కనబడవు. ఊళ్లను తప్పించుకొనిపోవుట రైలు స్వభావమగుటచే ఊరిజనముతో మాటాడు అవకాశమును తక్కువ. డెవన్ జిల్లాలో ఇల్ఫ్రాకూంబ్ నుండి ప్లిమత్ వరకు ఇంచుమించు 100 మైళ్లు పోవు మార్గమును ఇట్టి కట్టలనే ఆశ్రయించి, డార్ట్‌మూర్ బీడుకొండ అంచున మెల్డన్ ఇనుపవంతెన మీదుగా సాగును. అచట మాత్రము వంతెనయే ఎత్తైన తావగుటచే కన్నులకు కరవులేదు.

డెవన్, కార్న్‌వాల్ జిల్లాలలో కట్టలను విడిచి పల్లెదారి పట్టినవాని కథ వేరు. అచటి దారులు అచ్చమైన డొంకలు. శతాబ్దముల బండిచక్రములు, వానలు నేలను కోసి కోసి దారిని దిగువకు దింపగా, ఇరువైపుల గట్లు, గట్లపై పొదలు నిలువెత్తునకు మించి లేచి, ముందున్న మిట్ట ఎంతటిదో తెలియనీయవు. దేశము ఈ కొననుండి ఆ కొనకు, ల్యాండ్స్ ఎండ్ నుండి జాన్ ఓ గ్రోట్స్ వరకు, తొక్కినవారిలో పలువురు స్కాట్లండు పర్వతములకంటె ఈ రెండు జిల్లాలే తమను అలయించినవని చెప్పుదురు. ఎక్స్‌మూర్ అంచున పోర్లాక్ మిట్ట నాలుగింట ఒకటి వాలు. దాని ప్రక్కనే కొద్దిపాటి సుంకము పుచ్చుకొని అడవిలో మెలికలు తిరుగుచు ఎక్కించు ప్రైవేటు రోడ్డొకటి కలదు. ఆ సుంకమంత సార్థకమైన వ్యయము సైకిలుయాత్రలో మరొకటి ఉండదు.

యార్కుషైరు డేల్స్ ప్రాంతమునకు 1954లో జాతీయవనముగా గుర్తింపు కలిగెను. ఇచటి అమరిక సరళము: సున్నపురాతి కొండల నడుమ విశాలమైన లోయలు, లోయలో నదివెంట సుఖమైన రోడ్డు, ఒక లోయనుండి మరొక లోయకు పోవుటకు నిటారు కనుమ. వార్ఫ్‌డేల్ నుండి వెన్స్‌లీడేల్‌కు ఫ్లీట్ మాస్, 589 మీటర్లు. అచటినుండి స్వేల్‌డేల్‌కు బటర్‌టబ్స్, 526 మీటర్లు. వెన్న అమ్మబోవు రైతులు ఎండవేళ తమ వెన్నను చల్లగా ఉంచుకొనుటకు అచటి రాతిగుంటలలో దించెడివారని ఆ పేరునకు కథ చెప్పుదురు. స్కిప్టన్ పట్టణమున మొదలై అచటికే తిరిగివచ్చు 130 మైళ్ల డేల్స్ సైకిలుమార్గము ఈ లోయలను దండలో పూలవలె గ్రుచ్చినది. 2014 జూలైలో టూర్ ద ఫ్రాన్స్ పందెము లీడ్స్ నగరమున ఆరంభమై బటర్‌టబ్స్ మీదుగా పోయినప్పుడు గుట్టలు కనబడనంత జనము చేరిరి. అంతకు నాలుగేండ్ల ముందు సైమన్ వారెన్ వంద ఎక్కుడుదారుల పుస్తకము వెలువరించియుండెను. ఈ రెండింటి వలన సైకిలు లోకమున ఒక కొత్త అలవాటు ప్రబలెను: కారుమీద సైకిలు పెట్టుకొని వచ్చి, ఒక్కొక్క మిట్టను ఎక్కి, జాబితాలో గుర్తు పెట్టుకొని, కారెక్కి మరొక మిట్టకు పోవుట. దీనిని తప్పనను. కాని నూట యెనిమిది గుళ్ల గోపురములను బస్సు కిటికీలోనుండి చూచి పుణ్యము లెక్కించుకొనువాని యాత్రకును దీనికిని నాకు పెద్ద భేదము కనబడదు. మిట్ట తనంతట తాను యాత్ర కాదు. ఆవలి లోయలో ఎవరో ఉన్నారు, అచటికి పోవలెను అను పని ఉన్నప్పుడే అది దారియగును.

నా మనస్సునకు మిక్కిలి నచ్చినది పేరుప్రఖ్యాతులు తక్కువగా గల వేల్సు సరిహద్దు సీమ. ష్రాప్‌షైరు కొండలు అయిదువందల మీటర్ల చెంతనే ఆగును. చర్చ్ స్ట్రెటన్ నుండి లాంగ్ మిండ్ గట్టు మీదికి పోవు బర్‌వే రోడ్డు వంటి కఠినమైన ఎక్కుళ్లు కొన్ని ఉన్నను, తక్కినచోట్ల యాత్రికుడు తనకు తగిన దారి తాను ఏరుకొనవచ్చును. వాహనములు తక్కువ. ఊరికి ఊరికి నడుమ దూరము రెండు మూడు మైళ్లు. దక్షిణమునకు పోయినచో మాల్వర్న్ కొండలు. ఆ చుట్టుప్రక్కల దారులలో సంగీతకారుడు ఎల్గార్ 1900 మొదలు కొన్ని ఏండ్లు తన సన్‌బీమ్ సైకిలును తొక్కుచుండెను. దానికి మిస్టర్ ఫీబస్ అని ముద్దుపేరు పెట్టుకొనెను. తేనెరంగు రాతి యిండ్లు గల కాట్స్‌వోల్డు గ్రామములు ఇంతకంటె ప్రసిద్ధములే. అచట కొండ ఒక్కవైపు మాత్రమే గోడవలె నిలిచి, మరొకవైపు మెల్లగా వాలియుండును గనుక, ఏ దిక్కునుండి ఎక్కవలెనో తెలిసినవాడు సగము శ్రమను తప్పించుకొనును. కాని వేసవిలో కార్లు, విహారబస్సులు గ్రామములను క్రమ్ముకొనుట చేత నాకు రుచింపలేదు.

వాహనమును గూర్చి ఒకమాట చెప్పక తప్పదు, ఎందుకనగా ఇచట మనకును బాదరాయణము కాని సంబంధము కలదు. మన తాతతండ్రుల యిండ్లలో గౌరవము పొందిన రాలీ నాటింగ్‌హామ్ నగరపుది; హెర్క్యులిస్ బర్మింగ్‌హామ్‌ది; 1949లో స్థాపితమైన టి.ఐ. సైకిల్స్ వారు మద్రాసు చెంత అంబత్తూరులో దానిని తయారుచేసి తెలుగునాట ఊరూరికి పంపిరి. గంపలు, బియ్యపుమూటలు, భార్యాబిడ్డలు, అన్నింటిని మోసిన ఆ నల్లని సైకిలు సమతలమునకు పుట్టినది, ఒక్కటే గేరు. నాటింగ్‌హామ్‌లోనే 1902లో స్టర్మీ-ఆర్చర్ మూడుగేర్ల హబ్బు రూపొంది కొండదారి యాత్రికుల జీవితమును మార్చివేసెను. నేటి యాత్రాసైకిలులో ముందరి చైన్‌వీలు కంటె వెనుకనున్న పళ్లచక్రము పెద్దదిగా ఉండునట్లు అమర్చుకొనవచ్చును. అప్పుడు నడకకంటె కొంచెము వేగముగా మాత్రమే సాగినను దిగనవసరము లేదు. గేర్లు ఎన్ని అనుటకంటె అట్టడుగు గేరు ఎంత తేలికది అనుటయే ముఖ్యము. దుకాణదారులు ఈ మాట చెప్పుట అరుదు.

తారురోడ్డును విడిచి గుఱ్ఱపుబాటలు పట్టువారొక శాఖ. 1955లో లెమ్‌స్టర్ పట్టణపు పానశాలలో కూడి రఫ్-స్టఫ్ ఫెలోషిప్ అను సంఘమును స్థాపించినవారు, సైకిలును తొక్కుటకెంత సిద్ధమో మోయుటకును అంత సిద్ధము. 1968 చట్టము ఇంగ్లండు, వేల్సులలో గుఱ్ఱపుబాటలపై సైకిలుకు హక్కు కల్పించినది; నడచువారికిని గుఱ్ఱపురౌతులకును దారి ఇవ్వవలెనన్నది నియమము. కాలిబాటపై ఆ హక్కు లేదు. 2020లో వెలువడిన కింగ్ ఆల్ఫ్రెడ్స్ వే, వించెస్టరు నుండి బయలుదేరి స్టోన్‌హెంజ్ మీదుగా తిరిగి, సున్నపుగుట్టల పురాతన బాటలలో 350 కిలోమీటర్లు చుట్టివచ్చును. వానాకాలమున ఆ సుద్దనేల సబ్బువలె జారును.

కొరతలను దాచి మెప్పుకోలు వ్రాయుట సమీక్ష కాదు. 1995లో లాటరీ ధనముతో ప్రారంభమైన జాతీయ సైకిలుమార్గముల జాలము, అంకెలు పెరుగవలెనను ఆతురతతో, కార్లు దూసుకుపోవు రోడ్లను సైతము తనలో చేర్చుకొనెను. 2020లో నిర్వాహకులే మొత్తము జాలములో ఇంచుమించు నాలుగవవంతును తొలగించుటకో వేరు తరగతికి మార్చుటకో పూనుకొనవలసి వచ్చెను. ఈ నిజాయితీ ప్రశంసార్హమే, గాని వెలితి వెలితియే. రైళ్లలో సైకిలుకు చోటు కొద్ది. దూరపు బండ్లలో ముందుగా రిజర్వు చేసికొననిచో యాత్ర ప్లాట్‌ఫారము మీదనే ముగియవచ్చును. 1930లో పుట్టిన యువజన వసతిగృహముల సంఘము తొలినాళ్లలో రాత్రికి ఒక షిల్లింగుకే పడక ఇచ్చి, స్వశక్తితో వచ్చినవారికే ద్వారము తెరచెడిది. నేడు కారువారును వచ్చుచున్నారు, పల్లెటూరి గృహములు పెక్కు అమ్ముడుపోయినవి. పేదవిద్యార్థికి కొండసీమ ఆనాటికంటె ఈనాడు దూరమైనదని నా అభిప్రాయము.

ఇంతకును ఏది ఎన్నుకొనవలెను? తొలిసారి పోవువారు పీక్ సీమ రైలుబాటలలో రెండు దినములు గడిపి, కాళ్లకు ధైర్యము వచ్చిన తరువాత ష్రాప్‌షైరునకు పొండు. సముద్రమునుండి సముద్రమునకు పోవు మార్గమును మూడు దినములలో ముగించితిమని చెప్పుకొనువారిని చూచి తొందరపడక అయిదు దినములు కేటాయింపుడు. జూనులో ఆ ఉత్తరసీమయందు పగలు పదునేడు గంటలకు పైగా ఉండును, తొందర అనవసరము. హార్డ్‌నాట్ కనుమకు పోవలెనన్నచో సామానును క్రింది ఊరిలో ఉంచి పొండు. ఎచటనైన దిగి నడువవలసివచ్చిన నడువుడు. ఆ దారులను వేసినవారందరును నడచినవారే. హార్ట్‌సైడ్ శిఖరముపై తరతరముల యాత్రికులకు వేడి టీ అందించిన కాఫీహోటలు 2018 మార్చిలో కాలిపోయినది. కావున తినుబండారములు, నీరు పెన్‌రిత్ పట్టణముననే కొనుక్కొని ఎక్కుడు.